పండుగ ప్రయాణము భారము కాకూడదు

క్రిస్మస్ చరిత్రలో ప్రయాణములు చాలా ఉన్నాయి. చక్రవర్తి ఆజ్ఞను బట్టి యోసేపు, గర్భవతియైన మరియ నజరేతు నుండి బేత్లెహేముకు వెళ్ళారు. అక్కడ సత్రములో స్థలము దొరకలేదు. కొంతకాలమునకు పసిబిడ్డను తీసుకొని రాత్రివేళ ఐగుప్తునకు బయలుదేరవలసి వచ్చింది. ఆ రెండు ప్రయాణములలో ఏదియు వారు కోరి పెట్టుకొన్నది కాదు.

మన సంగతి వేరు. పండుగకు ఊరు వెళ్ళుట మనము ఇష్టపడి చేసే ప్రయాణము. అయినను డిసెంబరు 23, 24 తేదీలలో ఏ పెద్ద బస్టాండులోనైనా నిలబడి చూడండి. మూటల మీద కూర్చున్న తల్లులు, ఏడ్చే పిల్లలు, కండక్టరుతో వాదులాడే తండ్రులు, "ఇంకా ఎక్కలేదా?" అని ఫోనులో అడిగే తాతలు కనబడతారు. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఉదయము ఆరాధనలో సగముమంది నిద్ర ఆపుకొంటూ కూర్చుంటారు. భోజనము కాగానే మరల సంచులు సర్దుకొంటారు. పల్లె సంఘములలో పరిచర్య చేసే మాబోటి కాపరులము ఏటేటా దీనిని చూస్తున్నాము. "కొడుకు వచ్చాడు గాని, వాడితో పది మాటలు మాట్లాడలేదు అయ్యగారూ" అని పండుగ మరునాడు తల్లులు చెప్పుట కూడ వింటున్నాము.

క్రిస్మస్ మొదలు సంక్రాంతి సెలవులు ముగిసే వరకు, దాదాపు నాలుగు వారములు, మన రెండు తెలుగు రాష్ట్రములలో రైళ్ళు, బస్సులు క్రిక్కిరిసి ఉంటాయి. ఆ రద్దీని మనము మార్చలేము. అయితే అందులో ఏ రోజున, ఎంత బరువుతో, ఎవరిని వెంటబెట్టుకొని దిగాలో నిర్ణయించుకొనుట మన చేతిలోనే ఉంది. ఆ నిర్ణయము ఇంట్లో ముందుగా జరిగితే దారిలో భారము సగము తగ్గుతుంది. ఊరు చేరితే చాలదు. మనవారితో మనస్ఫూర్తిగా గడపగల ఓపికతో చేరాలి. ఈ ఒక్క మాటను మనస్సులో ఉంచుకొని క్రింది సంగతులు చదవమని కోరుచున్నాము.

ఎక్కడికి? ఎప్పుడు? ఎన్ని రోజులు?

అక్టోబరు మాసములో ఒక సాయంత్రము భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కలిసి కూర్చొని ఈ మూడు ప్రశ్నలు మాట్లాడుకొనాలి. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క చూచుకొంటాడని ప్రభువు చెప్పిన ఉపమానము లూకా సువార్త 14వ అధ్యాయములో ఉంది. అది శిష్యత్వమును గూర్చిన బోధయే అయినను, కూర్చొని లెక్క చూచుకొనే అలవాటు ప్రతి ఇంటికీ మంచిదే.

మొదటి ప్రశ్న చాలా ఇండ్లలో నోరు విప్పి అడగరు. పండుగ అత్తవారింటనా, పుట్టింటనా? భర్త తన ఊరనే అనుకొంటాడు. భార్య లోపల బాధపడుతుంది. చివరి వారములో మాట బయటపడి, ఒకే మూడు రోజులలో రెండు ఊళ్ళు తిరుగుటకు బయలుదేరతారు. పిల్లలు నలిగిపోతారు. ఏ ఇంటా తృప్తి ఉండదు. ఈ ఏడు క్రిస్మస్ ఒక ఇంట, సంక్రాంతి సెలవులు మరొక ఇంట, వచ్చే ఏడు దానికి మారుగా అని వంతు పెట్టుకొంటే ఈ చిక్కు చాలవరకు తీరుతుంది. ఆ వంతు సంగతి ఇరుపక్షముల పెద్దలకు అక్టోబరులోనే చెప్పాలి. ముందుగా తెలిసిన మాటను పెద్దలు సర్దుకొంటారు. చివరి రోజున ఫోనులో తెలిసిన మాట మాత్రము వారిని నొప్పిస్తుంది.

రెండవ ప్రశ్న పిల్లల బడిని బట్టి ఉంటుంది. మిషనరీ పాఠశాలలకు క్రిస్మస్ సెలవులు ఎక్కువ, ఇతర పాఠశాలలకు సంక్రాంతి సెలవులు ఎక్కువ. ఒక బిడ్డ ఒక బడిలో, మరొక బిడ్డ వేరొక బడిలో చదువుతుంటే ఇద్దరికీ కలిసివచ్చే రోజులు ఏవో ముందే కనుగొనండి.

మూడవ ప్రశ్నలో డబ్బు కలిసి ఉంది. రాకపోకల ఛార్జీలు, దారి ఖర్చు, బట్టలు, కానుక, చేతి ఖర్చు, ఈ ఐదింటికీ కాగితము మీద అంకె వేయండి. బంధువులందరికీ క్రొత్త బట్టలు కొనుటకు చేబదులు తెచ్చి, లేదా చెవిదిద్దులు కుదువపెట్టి, ఏప్రిల్ వరకు వడ్డీ కట్టే కుటుంబములు మనలో లేకపోలేదు. తాతకొక పంచె, నాయనమ్మకొక చీర చాలును. మిగిలినవారికి మీరు రావడమే బహుమానము.

గుంపుకు ఎదురుగా

డిసెంబరు 22, 23, 24 తేదీలలో జనమంతా ఒకే వైపు కదులుతారు. హైదరాబాదు నుండి విజయవాడ, గుంటూరు, ఏలూరు, రాజమహేంద్రవరము వైపు వెళ్ళే బండ్లన్నీ నిండిపోతాయి. అదే రోజులలో ఎదురుగా హైదరాబాదు వైపు వచ్చే బండ్లలో చోటు తేలికగా దొరుకుతుంది. పండుగ తరువాత ఇది తలక్రిందులవుతుంది. ఈ చిన్న సంగతిని గమనించిన కుటుంబము ఎంతో శ్రమ తప్పించుకొనగలదు.

నడవగల ఓపిక, చూచుకొనే తోడు ఉంటే, ఒక ఏడు తలిదండ్రులనే పట్టణమునకు పిలిపించుకొనండి. ఇద్దరు పెద్దలు ఖాళీ బండిలో రావడము, ఆరుగురు పిల్లాపాపలతో క్రిక్కిరిసిన బండిలో వెళ్ళడము కంటె సులభము. అయితే పశువులు, కోళ్ళు, కోతకు వచ్చిన చేను ఉన్నవారు కదలలేరు. డెల్టా ప్రాంతములో డిసెంబరు కోతలు, నూర్పిళ్ళ కాలము. అటువంటివారి ఇంటికి మనమే వెళ్ళాలి.

వెళ్ళేటప్పుడు కూడ 24వ తేదీయే పట్టుకొని వ్రేలాడనవసరము లేదు. రెండు మూడు రోజులు ముందు వెళ్ళగలిగినవారు వెళ్ళండి. సెలవు దొరకనివారు పండుగను తమ పట్టణ సంఘములో ఆచరించి, 27 తరువాత ఊరు వెళ్ళి, సంవత్సరాంతపు ఆరాధనలో తలిదండ్రుల ప్రక్కన కూర్చొనవచ్చును. పల్లెలలో డిసెంబరు మొదటి వారముల నుండే సెమీ క్రిస్మస్ కూడికలు జరుగుతాయి. ఆ కూడిక తేదీ తెలుసుకొని ఆ శని, ఆదివారములలో వచ్చి వెళ్ళవచ్చును. ఒక్కరోజు హడావిడిగా వచ్చి వెళ్ళడము కంటె జనవరి నెలాఖరున నాలుగు రోజులు నిమ్మళముగా ఉండి వెళ్ళడము తలిదండ్రులకు ఎక్కువ సంతోషము. క్యాలెండరులోని తేదీ కంటె ఎదుట కూర్చున్న బిడ్డ వారికి ముఖ్యము.

అరవై రోజుల లెక్క

రైలు రిజర్వేషను ఒకప్పుడు 120 రోజుల ముందు తెరచేవారు. 2024 నవంబరు 1 నుండి దానిని 60 రోజులకు తగ్గించారు. ప్రయాణపు రోజును లెక్కలోనికి తీసుకొనరు. ఆ లెక్కన డిసెంబరు 23 ప్రయాణమునకు అక్టోబరు 24 ఉదయము 8 గంటలకు టికెట్లు మొదలవుతాయి. డిసెంబరు 27న తిరిగి రావాలంటే అక్టోబరు 28. జనవరి 12న వెళ్ళుటకు నవంబరు 13, జనవరి 17న తిరిగి వచ్చుటకు నవంబరు 18. ఈ తేదీలను గోడ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకొనండి. చాలామంది వెళ్ళుటకు మాత్రమే తీసుకొని, తిరుగు టికెట్టు మరచిపోతారు.

నెట్ ద్వారా టికెట్టు తీసుకొనేవారు ఐ.ఆర్.సి.టి.సి. ఖాతాను ఆధార్‌తో ముందుగానే ధ్రువీకరించుకొనాలి. 2025 జూలై నుండి తత్కాల్ టికెట్లకు, అదే సంవత్సరము అక్టోబరు నుండి మామూలు రిజర్వేషను తెరచిన తొలి నిమిషములకు ఈ నియమము వచ్చింది. తత్కాల్ అనగా ప్రయాణమునకు ముందు రోజున, ఏసీ తరగతులకు ఉదయము 10 గంటలకు, స్లీపరుకు 11 గంటలకు తెరచేది. ఖరారైన తత్కాల్ టికెట్టును రద్దు చేసుకొంటే డబ్బు తిరిగి రాదు. పండుగ రోజులలో దానినే నమ్ముకొని కూర్చొనుట మంచిది కాదు.

వెయిటింగ్ లిస్టు టికెట్టుతో రిజర్వేషను పెట్టె ఎక్కుటకు వీలు లేదు. నెట్‌లో తీసుకొన్నది చార్టు తయారైనప్పుడు దానంతటదే రద్దవుతుంది. కాబట్టి టికెట్టు ఖాయము కాకపోతే ఏమి చేయాలో ముందే ఆలోచించి ఉంచండి. రాజమహేంద్రవరమునకు దొరకనప్పుడు విజయవాడ వరకు శాతవాహన వంటి కూర్చొని వెళ్ళే బండిలో చోటు చూచి, అక్కడ నుండి బస్సు పట్టుకొనవచ్చును. గుంటూరు వైపువారికి గోల్కొండ ఉంది. రెండు మెట్ల ప్రయాణము కొంచెము ఆలస్యమే గాని, తలుపు దగ్గర నిలబడి తెల్లవార్లు గడపడము కంటె మేలు.

పిల్లల సంగతి. ఐదేండ్ల లోపువారికి విడిగా బెర్తు కోరకపోతే టికెట్టు అవసరము లేదు. ఐదు నిండి పన్నెండు నిండనివారికి బెర్తు కావాలంటే 2016 నుండి పూర్తి ఛార్జీ, వద్దనుకొంటే సగము. పెద్దల సంగతి. అరవై నిండిన పురుషులకు, నలభై ఐదు నిండిన స్త్రీలకు, గర్భవతులకు క్రింది బెర్తు కేటాయింపు ఉంది. ఒకే టికెట్టు మీద కుటుంబమంతటినీ వ్రాయక, ఇద్దరు పెద్దలకు విడిగా తీసుకొంటే ఆ సదుపాయము వర్తించే అవకాశము ఎక్కువ. వృద్ధులకు ఛార్జీలో ఇచ్చే రాయితీని 2020 మార్చిలో నిలిపివేసిన సంగతి ఇంకా తెలియనివారు ఉన్నారు. పూర్తి డబ్బు చేతిలో ఉంచుకొనండి.

టికెట్టు మీద స్టేషను పేరు శ్రద్ధగా చదవండి. హైదరాబాదులో సికింద్రాబాదు, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లితో పాటు 2025 జనవరి 6న చర్లపల్లి క్రొత్త టెర్మినల్ కూడ ప్రారంభమైంది. ఒక స్టేషనుకు బదులు మరొకదానికి వెళ్ళి బండి తప్పించుకొన్నవారు ఉన్నారు. సందేహము ఉంటే 139కి ఫోను చేసి అడగండి.

నెట్ చూడడము తెలియని పెద్దలు మన సంఘములలో అనేకులు. అక్టోబరులో ఒక ఆదివారము ఆరాధన తరువాత యౌవనస్థులు ఇద్దరు బల్ల వేసుకొని కూర్చొని వారి టికెట్ల పని చూచిపెడితే అది చక్కని పరిచర్య. టీ ఖర్చు తప్ప సంఘమునకు వేరే ఖర్చు లేదు.

బస్సు ఎక్కేవారికి

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉంది. రెండు చోట్లా ఆ రాష్ట్రపు నివాసమును చూపే గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. తెలంగాణ కార్డు ఆంధ్రలోనూ, ఆంధ్ర కార్డు తెలంగాణలోనూ చెల్లదు. ఇది పేద తల్లులకు ఎంతో మేలు. అయితే ఆ బస్సులలో పండుగ రోజున నిలబడుటకు కూడ చోటు ఉండదు. చంటిబిడ్డతో, మోకాళ్ళ నొప్పులతో ఉన్నవారు ఉదయము తొలి బస్సుకో, మధ్యాహ్నము జనము పలుచబడిన వేళకో బయలుదేరితే మంచిది.

దూర ప్రయాణమునకు ఆర్టీసీ సీట్లను ముందుగా రిజర్వు చేసుకొనవచ్చును. పండుగకు వేసే ప్రత్యేక బస్సులలో కొన్నిటికి ఛార్జీ ఎక్కువ ఉంటుంది గనుక ముందే అడిగి తెలుసుకొనండి. ప్రైవేటు బస్సుల ధర రోజురోజుకు పెరుగుతుంది. చివరి వారము వరకు ఆగితే మామూలు ధరకు ఎన్నో రెట్లు ఇచ్చుకొనవలసి వస్తుంది.

మూటల సంగతి

ప్రయాణములో మనిషిని అలసట పెట్టేది దూరము కంటె మూట. స్లీపరు తరగతిలో మనిషికి 40 కిలోలు, జనరల్ పెట్టెలో 35 కిలోలు ఉచితముగా తీసుకొనిపోవచ్చునని రైల్వే నియమము. నియమము అంత ఒప్పుకొన్నా, మన భుజము ఒప్పుకొనదు. మా సలహా ఇది. ఎవరి సంచి వారు మోసుకొని మెట్లు ఎక్కగలగాలి. చంటిబిడ్డను ఎత్తుకొన్న తల్లికి వేరే సంచి ఇవ్వకూడదు. లెక్కకు ఐదు సంచుల కంటె మూడు పెద్ద సంచులు మంచివి. ప్రతి సంచికి ఒకే రంగు గుడ్డముక్క కట్టండి, దిగేటప్పుడు వెదకులాట ఉండదు.

పండుగ బట్టలు, పిల్లలకు ఒక జత, దుప్పటి, తువ్వాలు, మందులు, కాగితములు, ఇవి చాలును. ఊళ్ళో దొరికే వస్తువును పట్టణము నుండి మోయనవసరము లేదు. అక్కడ అమ్మ అరిసెలు వండుతూ ఉండగా ఇక్కడ నుండి స్వీట్ల డబ్బాలు దేనికి?

ఒక హెచ్చరిక. క్రిస్మస్‌కు పిల్లలు ముచ్చటపడతారని టపాకాయలు సంచిలో పెట్టుకొని రైలు ఎక్కుతారు. అది నేరము. 1989 నాటి రైల్వే చట్టములో 164వ సెక్షను క్రింద మూడేండ్ల వరకు జైలు, లేక వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేక రెండూ పడవచ్చును. శిక్ష సంగతి అటుంచి, ఒక నిప్పురవ్వ పెట్టెలోని వారందరినీ బలిగొనగలదు. కిరోసిను, గ్యాసు బండ కూడ అంతే.

గుంపులో ఉన్నాడనుకొని

లూకా సువార్త 2వ అధ్యాయము చివర ఒక పండుగ ప్రయాణము ఉంది. యోసేపు, మరియ ఏటేటా పస్కా పండుగకు యెరూషలేము వెళ్ళేవారు. బాలుడైన యేసుకు పన్నెండేండ్లప్పుడు కూడ వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు కుమారుడు గుంపులో ఉన్నాడనుకొని ఒక దినమంతా నడిచారు. బంధువులలో వెదకి, కనబడక, వెనుకకు తిరిగి, మూడు దినములైన తరువాత దేవాలయములో ఆయనను కనుగొన్నారు. వారు అశ్రద్ధ గల తలిదండ్రులని ఎవరూ అనలేరు. బంధువులు, స్నేహితులు ఎక్కువగా ఉన్న చోటనే ఇది జరిగింది. అందరూ చూస్తున్నారనుకొన్నప్పుడే ఎవరూ చూడకపోవచ్చును.

మన ప్రయాణములలో కూడ అంతే. పిన్ని దగ్గర ఉన్నాడని తల్లి, తల్లి దగ్గర ఉన్నాడని మేనమామ అనుకొంటారు. కాబట్టి బయలుదేరేటప్పుడే ఒక్కొక్క బిడ్డను ఒక్కొక్క పెద్దవారికి పేరు పెట్టి అప్పగించండి. "చిన్నవాడు నీ బాధ్యత" అని నోటితో చెప్పాలి. ఎక్కిన తరువాత ఒకసారి, దిగిన తరువాత ఒకసారి తలలు లెక్కపెట్టండి. పిల్లల జేబులో తండ్రి ఫోను నంబరు వ్రాసిన కాగితము ఉంచండి. ఆ ఉదయము వేసుకొన్న బట్టలతోనే ఒక ఫోటో ఫోనులో తీసుకొనండి. తప్పిపోతే ఆ ఫోటో పోలీసులకు ఎంతో ఉపయోగము. "మేము కనబడకపోతే ఉన్నచోటనే నిలబడు, యూనిఫాములో ఉన్నవారిని అడుగు" అని బిడ్డకు నేర్పండి. రైల్వే సహాయమునకు 139, పిల్లల సహాయమునకు 1098, ఏ ఆపదకైనా 112.

తల్లులు, వృద్ధులు, రోగులు

పండుగకు వారము ముందు నుండి ఇల్లు దులుపుట, బట్టలు ఉతుకుట, పిండివంటలు, దర్జీ దగ్గర తిరుగుట, సంచులు సర్దుట, ఇవన్నీ ఒకరే చేస్తారు. ఆమె బస్సు ఎక్కేటప్పటికే అలసిపోయి ఉంటుంది. ఊరు దిగగానే మరల వంటింటిలోనికి వెళుతుంది. ఇంటి యజమానులారా, ప్రయాణమునకు ముందు రెండు రోజులు ఆమెకు పని తగ్గించండి. సంచులు సర్దే పని మీరు, ఎదిగిన పిల్లలు చేయండి.

మరొక సంగతి బహిరంగముగా ఎవరూ మాట్లాడరు. దారిలో దిగుటకు వసతి ఉండదని భయపడి చాలామంది స్త్రీలు ప్రయాణమంతా నీళ్ళు త్రాగరు. గంటల తరబడి ఆపుకొంటారు. దానివలన మూత్రములో మంట, జ్వరము, తలనొప్పి వచ్చి పండుగ రోజున మంచము పడతారు. దూర ప్రయాణమునకు మరుగుదొడ్డి ఉన్న రైలును ఎంచుకొనండి. బస్సయితే ఎక్కే ముందే, ఎక్కడెక్కడ ఆపుతారని డ్రైవరును అడగండి. ఇది అడుగుట భర్త పని, సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

బి.పి., షుగరు మందులు పెద్ద సంచి అడుగున ఉండకూడదు, చేతిసంచిలో ఉండాలి. రెండు రోజులకు ఎక్కువగానే పెట్టుకొని, డాక్టరు చీటీ కూడ ఉంచుకొనండి. షుగరు ఉన్నవారు భోజనము వేళ తప్పితే ప్రమాదము గనుక వారికి ప్రత్యేకముగా తినుటకు ఏదైనా కట్టండి. ఇన్సులిను ఎండ తగలకుండా చల్లగా ఉంచాలి. గర్భవతులు డాక్టరును అడిగిన తరువాతనే దూర ప్రయాణము తలపెట్టాలి. బస్సులో వాంతులయ్యే పిల్లలను ముందు సీట్లలో కూర్చోబెట్టి, ఎదుటి దారిని చూడమనండి. కడుపునిండా పెట్టి ఎక్కించవద్దు. చదువుట, ఫోను చూచుట కూడ వాంతిని పెంచుతాయి.

దారికి పులిహోర, ఇడ్లీ, అరటిపండ్లు, మరిగించి చల్లార్చిన నీళ్ళు మంచివి. కూరలు, పెరుగన్నము ఎక్కువ సేపు నిలువవు.

ఆగుట అవిశ్వాసము కాదు

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఓడ ప్రయాణము ఒకటి ఉంది. ఉపవాసదినము గడచిపోయి, సముద్రయానము ప్రమాదకరమైన కాలము వచ్చింది. ముందుకు వెళితే నష్టము కలుగుతుందని పౌలు హెచ్చరించాడు. శతాధిపతి మాత్రము ఓడ నడిపేవాని మాటను, యజమాని మాటను నమ్మాడు. ఓడ పగిలిపోయింది. అందులోని 276 మంది ప్రాణములు దేవుని కృప వలన దక్కాయి. గొప్ప విశ్వాసియైన పౌలే, ఇప్పుడు వెళ్ళవద్దు, ఆగుదామని చెప్పాడు. ఈ సంగతిని మనము మరువకూడదు.

"దేవుడు చూచుకొంటాడు" అని చెప్పి ఆటోలో పదిహేనుమంది ఎక్కుట విశ్వాసము కాదు. డ్రైవరుకు అటూ ఇటూ కూర్చొన్నవారు అతని చేతులను కదలనివ్వరు. చిన్న గుంత వచ్చినా బండి తిరగబడుతుంది. బైకు మీద భార్య, ఇద్దరు పిల్లలతో అరవై కిలోమీటర్లు చలిలో వెళ్ళుట కూడ అంతే. మరొక ఆటో కొరకు అరగంట ఆగండి. ఛార్జీకి చాలకపోతే సంఘములో అడగండి, సిగ్గుపడవద్దు.

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు దట్టముగా కురుస్తుంది. అదే సమయములో డ్రైవరుకు నిద్ర ముంచుకొస్తుంది. సొంత కారులోగాని, అద్దె కారులోగాని వెళ్ళేవారు రాత్రి రెండు గంటల నుండి తెల్లవారే వరకు రోడ్డు మీద ఉండకుండ చూచుకొనండి. పగలంతా పనిచేసి రాత్రికి స్టీరింగు పట్టుకొనవద్దు. సంక్రాంతి ముందు రోజులలో హైదరాబాదు–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దగ్గర పంతంగి టోలుగేటు వద్ద కార్లు బారులు తీరుతాయి. ఫాస్టాగ్‌లో డబ్బు ముందే వేసుకొని, త్రాగే నీళ్ళు, పిల్లలకు తిండి దగ్గర పెట్టుకొనండి.

2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెము దగ్గర ఒక బస్సు కాలిపోయి 45 మంది మరణించారు. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపములో మరొక బస్సు కాలి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. రెండును ప్రైవేటు బస్సులే, రెండును తెల్లవారకముందు, అందరూ నిద్రలో ఉండగా జరిగినవే. భయపెట్టుటకు ఇది వ్రాయుటలేదు. ఎక్కగానే రెండు నిమిషములు కేటాయించి అత్యవసర ద్వారము ఎటు ఉందో, అద్దము పగులగొట్టే సుత్తి ఎక్కడ ఉందో పిల్లలకు కూడ చూపించండి. దారికి అడ్డముగా మూటలు పెట్టనివ్వవద్దు. ప్రమాదము జరిగినచో 108, జాతీయ రహదారి మీద 1033 నంబర్లకు ఫోను చేయండి.

వాతావరణము కూడ గమనించాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటినప్పుడు అనేక రైళ్ళు రద్దయ్యాయి. అటువంటి వేళ "ఈ ఏడు రాలేకపోతున్నాము, తుఫాను తగ్గిన తరువాత వస్తాము" అని చెప్పే ధైర్యము బిడ్డలకు, ఆ మాట అంగీకరించే మనస్సు తలిదండ్రులకు ఉండాలి.

ఎదురుచూచే ఇంటివారికి

ఊళ్ళో ఉన్న పెద్దలారా, మీ చేతిలో కూడ చాలా ఉంది. "24 రాత్రికి రాకపోతే నా ముఖము చూడవద్దు" అనే మాట కొడుకును వాన రాత్రిలో బైకు ఎక్కిస్తుంది. "నిదానముగా రా నాయనా, నువ్వు వచ్చిన రోజే మాకు పండుగ" అన్న మాట వాని ప్రాణమునకు కాపుదల. దారిలో ఉన్నవారికి మాటిమాటికి ఫోను చేయవద్దు, ముఖ్యముగా బండి నడిపేవారికి. చేరవలసిన వేళకు ఒక్కసారి అడిగితే చాలు.

దిగగానే వేడినీళ్ళు, కొంచెము తిండి, రెండు గంటల నిద్ర ఇవ్వండి. అప్పుడే బంధువులందరి ఇండ్లకు త్రిప్పవద్దు. కోడలు వచ్చిందని వంట అప్పగించక, ఒక పూట ఆమెను కూర్చోబెట్టి వడ్డించండి. ఆ ఒక్క పూట ఆమె ఏండ్ల తరబడి జ్ఞాపకము ఉంచుకొంటుంది. రాలేకపోయినవారి తలిదండ్రులు కూడ మన వీధిలోనే ఉంటారు. పండుగ భోజనమునకు వారిని మన ఇంటికి పిలవాలి.

తిరుగు ప్రయాణము

మత్తయి సువార్త 2వ అధ్యాయములో జ్ఞానులు వచ్చిన దారిన కాక వేరొక దారిన తమ దేశమునకు తిరిగి వెళ్ళారని చదువుతాము. వారికి అది దేవుడు స్వప్నములో ఇచ్చిన హెచ్చరిక. మనము మాత్రము తిరుగు దారిని ఆలోచించనే ఆలోచించము. వెళ్ళేటప్పుడు ఉత్సాహము ఉంటుంది. వచ్చేటప్పుడు అలసట, దిగులు, తొందర ఉంటాయి. అమ్మ కట్టిన బియ్యము మూట, కొబ్బరికాయలు, పచ్చడి జాడీ కలిసి బరువు రెట్టింపవుతుంది. అమ్మ ప్రేమను కాదనలేము గనుక ఆ మూటను పార్సిలు వేయండి, లేదా వెనుక వచ్చే బంధువుల బండిలో పంపమనండి. ఉదయము దిగి అదే పూట పనికి పోకుండ, ఒక రోజు ముందుగానే ఇల్లు చేరునట్లు సెలవు పెట్టుకొనండి.

బయలుదేరే ముందు రోజు ఇవి సరిచూచుకొనండి:

1. టికెట్టు, గుర్తింపు కార్డు, స్టేషను పేరు, బండి వేళ.
2. చేతిసంచిలో మందులు, నీళ్ళు, చిల్లర డబ్బు.
3. పిల్లల జేబుల్లో ఫోను నంబరు. ఏ బిడ్డ ఎవరికి అప్పగింత.
4. గ్యాసు, నీళ్ళ కొళాయి, కరెంటు మెయిన్ ఆపుట.
5. నమ్మకమైన పొరుగువారికి, అవసరమైతే పోలీసు స్టేషనుకు ఊరు వెళుతున్నట్లు తెలుపుట.
6. పశువులకు మేత వేసేవారిని, కోళ్ళను చూచేవారిని ఏర్పాటు చేయుట.
7. బంగారము ఒంటి మీద ఎక్కువ లేకుండ చూచుకొనుట.

ఇక తలుపుకు తాళము వేయక ముందు అందరూ ఐదు నిమిషములు కలిసి నిలబడండి. కీర్తనల గ్రంథములో 120 మొదలు 134 వరకు పదిహేను కీర్తనలకు యాత్రకీర్తనలని పేరు. వాటిలో చాలవరకు చిన్నవే. వాటిలో ఒకటి పిల్లలలో ఒకరిచేత చదివించి, డ్రైవరు కొరకు, దారిలో వచ్చే తోటి ప్రయాణికుల కొరకు, ఎదురుచూస్తున్న పెద్దల కొరకు ప్రార్థించి బయలుదేరండి. ఆ తరువాత ఒకసారి తలలు లెక్కపెట్టుకొని మెట్లు దిగండి.